స్థలం మీద అప్పిచ్చేవారిని నోటరీ ముద్ర ఎంతవరకు కాపాడుతుంది?

చెన్నై తెలుగువాళ్లలో స్థలం పత్రాలు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకోవడం పాత అలవాటే. జార్జిటౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారి తన దగ్గర సరుకు తీసుకునే చిల్లర వర్తకుడికి ఇస్తాడు. అంబత్తూరులో చిన్న వర్క్‌షాపు నడిపేవాడికి బావమరిది సర్దుతాడు. రిటైరైన ఉద్యోగి పీఎఫ్ డబ్బులో కొంత తెలిసినవాళ్లకు వడ్డీకి తిప్పుతాడు. బ్యాంకుకు ఉన్నట్టు వీళ్లకు లాయర్ల ప్యానెల్ ఉండదు. ఒరిజినల్ పత్రాలు తీసుకుంటారు, ప్రోనోటు రాయించుకుంటారు, ఆపైన పారిస్ కార్నర్ దగ్గర హైకోర్టు చుట్టుపక్కల ఏదో ఒక టైపింగ్ షాపులో స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు కొట్టించి నోటరీ ముద్ర వేయిస్తారు. గుండ్రటి సీలు, నోటరీ స్టాంపు, పక్కన సంతకం కనబడగానే డబ్బు భద్రంగా ఉందన్న ధీమా వచ్చేస్తుంది.

నోటరీ కాగితం వల్ల అప్పిచ్చినవాడి బలం నిజంగానే పెరిగే సందర్భాలున్నాయి. ఏ తేడా రాని సందర్భాలు అంతకంటే ఎక్కువ. ఇవి కాక, చేతిలో ఉన్న హక్కు కూడా ఆ కాగితం వల్లే పోయే సందర్భం ఒకటుంది. చాలామందికి తెలియనిది అదే.

నోటరీల చట్టం 1952 నాటిది. దాని కింద నియమాలు 1956లో వచ్చాయి. పదేళ్లు ప్రాక్టీసు చేసిన లాయరు నోటరీ పదవికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులవారికి ఏడేళ్లు చాలు. కేంద్రం నియమించే నోటరీలు వేరు, రాష్ట్రం నియమించేవారు వేరు. సర్టిఫికెట్ ఐదేళ్లకు ఇస్తారు, ఏ ప్రాంతంలో పనిచేయవచ్చో అందులోనే రాసి ఉంటుంది. దస్తావేజు మీద సంతకం జరిగిందని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, ఒక భాషలోని పత్రాన్ని ఇంకో భాషలోకి అనువదించడం లేదా అనువాదాన్ని సరిచూడడం వంటివి చట్టంలోని 8వ సెక్షను ఆయనకు అప్పగించిన పనులు. భూమి ఎవరిదో తేల్చే పని ఆ జాబితాలో లేదు. దాని మీద ముందే అప్పు ఉందా, కోర్టులో తగాదా నడుస్తోందా, సర్వే నంబరు సరైనదేనా అని చూసే బాధ్యతా ఆయనది కాదు. ఫలానా మనిషి ఫలానా తేదీన నా ఎదుట సంతకం పెట్టాడు అన్నంతవరకే ఆ ముద్ర చెప్పేది.

ఫ్రాన్సులో సంగతి వేరు. అక్కడ ఇల్లు తాకట్టు పెడుతూ రాసుకునే పత్రం నోటరీ చేతుల మీదుగానే తయారు కావాలి. ఆస్తి చరిత్ర ఆయనే పరిశీలిస్తాడు, అసలు ప్రతి ఆయన దగ్గరే ఉంటుంది, భూమి రికార్డులో నమోదు కూడా ఆయనే చేయిస్తాడు. మన దగ్గర ఈ పనులు వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. హక్కు చూసేది లాయరు, నమోదు చేసేది సబ్ రిజిస్ట్రారు, సంతకాన్ని ధ్రువీకరించేది నోటరీ. మూడో చేతికి మాత్రమే డబ్బు కట్టి మొదటి రెండు పనులూ అయిపోయాయని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

తనఖా విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చాలా స్పష్టంగా ఉంది. అప్పులో అసలు మొత్తం వంద రూపాయలు గానీ అంతకు పైన గానీ అయితే తనఖా రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలి. తనఖా పెట్టేవాడు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. దీనికి మినహాయింపు ఒకటే, అది తర్వాత వస్తుంది. నోటరీ ముందు సంతకం పెట్టినంత మాత్రాన ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఏ చట్టమూ చెప్పలేదు. నోటరీ సంతకాన్ని రెండో సాక్షి కింద లెక్కేసుకోవడమూ క్షేమం కాదు. రిజిస్టరు చేసే అధికారి తన విధిలో భాగంగా పెట్టిన సంతకం దానంతట అదే సాక్షి సంతకం అయిపోదని, సాక్షిగా ఉండాలన్న ఉద్దేశంతో పెట్టినదే సాక్షి సంతకమని 1969లో మద్రాసు నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటరీ కూడా తన విధిలో భాగంగానే సంతకం పెడతాడు కాబట్టి రేపు కోర్టులో అదే ప్రశ్న వస్తుంది. ఇద్దరు సాక్షులను వేరుగా పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

పెరంబూరులో ఇల్లున్న ఒకాయన ఇరవై లక్షలు తీసుకుని, రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ చేయించిన తనఖా పత్రం ఇచ్చాడనుకుందాం. ఆ పత్రంతో ఇంటిని వేలానికి తేవడం కుదరదు. డబ్బు పుచ్చుకున్నాడనడానికి అది రుజువుగా పనికి రావచ్చు, అంతే. ఈ తేడా ఎంత పెద్దదో కాలపరిమితి చూస్తే అర్థమవుతుంది. మామూలు చేబదులుకూ ప్రోనోటుకూ దావా గడువు మూడేళ్లు. తనఖా ఆస్తి నుంచి డబ్బు రాబట్టే దావాకు, డబ్బు చెల్లించాల్సిన తేదీ నుంచి పన్నెండేళ్లు. ‘మనవాడే కదా, నెమ్మదిగా ఇస్తాడులే’ అని నాలుగేళ్లు ఆగిన అప్పిచ్చినవాడికి మొదటి దారి మూసుకుపోయి ఉంటుంది. మధ్యలో వడ్డీ గానీ, కొంత అసలు గానీ కట్టి దానికి రాతపూర్వక ఆధారం ఉంటే, లేదా గడువు లోపలే బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసి ఉంటే గడువు మళ్లీ మొదలవుతుంది. నోటరీ వల్ల అచ్చంగా లాభం ఉన్న చోటు ఇది. మూడేళ్లు నిండకముందే బాకీ ఒప్పుకోలు రాయించి నోటరీ ముందు సంతకం పెట్టిస్తే, తేదీ మీద గానీ సంతకం మీద గానీ తర్వాత పేచీ పెట్టడం కష్టం.

ఇక ఆ మినహాయింపు సంగతి. ఒరిజినల్ పత్రాలు హామీగా అప్పగించడమే తనఖా అయ్యే పద్ధతిని ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను గుర్తిస్తుంది. అయితే ఇది అన్ని ఊళ్లలోనూ చెల్లదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు పేర్లు సెక్షనులోనే ఉన్నాయి, మిగతా పట్టణాలను రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫై చేయాలి. అంటే చెన్నైలో అప్పిచ్చేవాడికి ఈ సౌకర్యం చట్టం పుట్టుకతోనే వచ్చింది. 1964లో, అదీ మద్రాసు కేసులోనే, సుప్రీంకోర్టు దీనికి కావలసినవి మూడని చెప్పింది. అప్పు ఉండాలి, హక్కు పత్రాలు అప్పగించాలి, అవి ఆ అప్పుకు హామీగా ఉండాలన్న ఉద్దేశం ఉండాలి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, కాగితమే రాయనక్కర్లేదు.

చెన్నై తెలుగువాళ్లకు ఇందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పత్రాలు అప్పగించే చోటు నోటిఫైడ్ పట్టణమైతే చాలు, భూమి ఎక్కడున్నా ఫరవాలేదు. సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో ఉన్న పొలం పత్రాలను చెన్నైలో అప్పగించినా తనఖా చెల్లుతుంది. సొంతూళ్లో ఆస్తి, చెన్నైలో వ్యాపారం ఉన్న కుటుంబాలకు ఇది పెద్ద వెసులుబాటు.

నోటరీ కాగితం హాని చేసేది సరిగ్గా ఇక్కడే. పత్రాలు అప్పగించారు, తనఖా నోటిమాటతోనే పూర్తయింది. అయినా మనసు ఒప్పదు. టైపింగ్ షాపుకెళ్లి, ‘ఈ రోజు నా ఇంటి పత్రాలు మీ వద్ద ఉంచి ఆ ఇంటిని మీకు తాకట్టు పెడుతున్నాను, వడ్డీ ఇంత, గడువు ఇంత, తీర్చకపోతే ఇంటి మీద రాబట్టుకోవచ్చు’ అని రాయించి నోటరీ చేయిస్తారు. ఇలా రాసిన కాగితం జరిగినదానికి గుర్తు మాత్రమేనా, లేక అదే ఒప్పందమా? కోర్టులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. ఒప్పందం మొత్తం ఆ కాగితంలోనే ఉందని, తనఖా హక్కు ఆ కాగితం వల్లే పుట్టిందని తేలితే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి తనఖాకు రుజువుగా దాన్ని తీసుకోరు. షరతులన్నీ రాతలో పెట్టాక నోటి సాక్ష్యంతో నిరూపిస్తామంటే సాక్ష్య చట్టం ఒప్పుకోదు. కాగితమే రాయకపోతే నిలిచే తనఖా, భద్రత కోసం రాయించిన కాగితం వల్ల పడిపోతుంది. దాని మీద నోటరీ ముద్ర ఉందా లేదా అన్నదానితో ఫలితం మారదు. నిజానికి ముద్ర ఉంటే ఆ కాగితం అసలు లేదని కూడా అనలేరు.

స్టాంపు డ్యూటీ తక్కువైతే జరిమానాతో సరిదిద్దుకునే దారి ఉంది. రిజిస్ట్రేషన్ లోపానికి ఆ దారి చాలా ఇరుకు. సంతకం చేసిన నాలుగు నెలల లోపు దస్తావేజును సమర్పించాలి, సరైన కారణం ఉంటే జరిమానాతో మరో నాలుగు నెలలు. అది దాటాక ఆ కాగితాన్ని బతికించడం కుదరదు.

మరి రాయించకుండా ఉండాలా? అక్కర్లేదు. రాసే తీరు మారాలి. బ్యాంకులు పత్రాలు తీసుకున్న రోజున కాక ఆ తర్వాత ఒక ఉత్తరం తీసుకోవడం వెనక ఉన్న ఆలోచన ఇదే. ‘ఫలానా తేదీన ఫలానా చోట, ఇంత అప్పుకు హామీగా ఉంచే ఉద్దేశంతో, ఈ కింది పత్రాలను మీకు అప్పగించిన సంగతి నిజమేనని ధ్రువపరుస్తున్నాను’ అన్నట్టు, అప్పటికే జరిగిపోయిన పనిని చెప్పే ఉత్తరం అది. కొత్తగా ఏ హక్కునూ సృష్టించదు. ఇలాంటి ఉత్తరం మీద నోటరీ ధ్రువీకరణ ఉంటే చాలా ఉపయోగం. పత్రాలు ఎందుకిచ్చాడన్నదే కేసులో అసలు తగాదా అవుతుంది. ‘ఊరెళ్తూ దాచమని ఇచ్చాను’, ‘జిరాక్సు తీయడానికి ఇస్తే తిరిగివ్వలేదు’ అనే వాదనలు వస్తాయి. నోటరీ ఎదుట, రిజిస్టరులో నమోదై ఉన్న ఉత్తరం ముందు ఆ వాదనలు నిలవడం కష్టం. ఇంకా మంచి దారి, పత్రాల డిపాజిట్ మెమోరాండాన్నే రిజిస్టరు చేయించడం. తమిళనాడులో బ్యాంకు గృహరుణాలకు ఇది మామూలే. దీనికి ఖర్చవుతుంది, కానీ ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ ఇల్లు కొనేవాడెవడూ తనకు తెలియదనలేడు. భూమి ఆంధ్రలో ఉంటే మాత్రం రిజిస్ట్రేషన్ అక్కడి సబ్ రిజిస్ట్రారు దగ్గరే చేయించాలి.

ఈసీలో ఎక్కడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఎదుటివైపు నుంచి చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 48వ సెక్షను ప్రకారం, ముందు జరిగిన పత్రాల డిపాజిట్ తనఖా, తర్వాత రాసి రిజిస్టరు చేసిన తనఖా దస్తావేజు కంటే ముందుంటుంది. అంటే ఈసీ శుభ్రంగా ఉందని చూసి, పద్ధతి ప్రకారం రిజిస్టర్డ్ తనఖా మీద అప్పిచ్చినవాడు కూడా, అప్పటికే ఎవరి బీరువాలోనో ఉన్న ఒరిజినల్స్ ముందు రెండో వరసలో నిలబడాల్సి రావచ్చు. అందుకే ‘ఒరిజినల్స్ పోయాయి’ అన్న మాట వినగానే అప్పిచ్చేవాడు ఆగాలి. ఒరిజినల్స్ పోయాయన్నదానికి ఆధారంగా సాధారణంగా చూపేవి పోలీసుల నుంచి దొరకలేదన్న సర్టిఫికెట్, పేపర్లో ప్రకటన, నోటరీ ముందు అఫిడవిట్. ఈ మూడింటిలో మూడోది అన్నిటికంటే తేలిగ్గా వస్తుంది కాబట్టి కొందరు అదొక్కటే తెస్తారు. అఫిడవిట్ అబద్ధమైతే ప్రమాణం చేసినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చు, అది నిజమే. కానీ జైలుకెళ్లినవాడి నుంచి ఇరవై లక్షలు రావు. పత్రాలు పెట్టుకున్న మొదటివాడి హక్కును ఆ అఫిడవిట్ ఏమీ చేయలేదు. బ్యాంకుల దగ్గర తాకట్టు ఉందేమో, అలాంటి తాకట్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ సెర్సాయ్ రికార్డులో ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. తమిళనాడు ఈసీని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. ప్రైవేటు వ్యక్తి దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టిన పత్రాలు మాత్రం ఈ రెండింటిలోనూ కనబడవు. అందుకే జిరాక్సుల మీద, సర్టిఫైడ్ కాపీల మీద అప్పివ్వకపోవడమే మంచిది.

పవర్ ఆఫ్ అటార్నీ దగ్గరా ఇలాంటి అపోహే ఉంది. అప్పుకు హామీగా స్థలం మీద జనరల్ పవర్ రాయించుకుని నోటరీ చేయించడం ఒకప్పుడు విపరీతంగా ఉండేది. పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకం ఒప్పందం కలిపి రాసుకుంటే ఆస్తి హక్కు మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. తమిళనాడు 2012లో చట్టం సవరించి, స్థిరాస్తికి సంబంధించిన పవర్‌కు, అమ్మకం ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఆ సంవత్సరం డిసెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కాబట్టి చెన్నై ఇంటి మీద నోటరీ పవర్ మాత్రమే చేతిలో ఉన్న అప్పిచ్చినవాడికి ఆ ఇంటి మీద ఏమీ లేనట్టే లెక్క.

విదేశాల్లో ఉన్నవారి విషయంలో నోటరీకి చట్టమే పెద్దపీట వేసింది. దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు సమర్పించడానికి ఇంకొకరికి పవర్ ఇవ్వాలంటే, ఇక్కడ ఉండేవాళ్లు సబ్ రిజిస్ట్రారు ముందే ఇవ్వాలి. ఇండియాలో నివాసం లేనివాళ్లు నోటరీ ముందు గానీ భారత కాన్సులేట్‌లో గానీ ఇవ్వవచ్చు. డల్లాస్‌లో ఉన్న కొడుకు చెన్నై ఫ్లాటు తాకట్టు కోసం తండ్రికి పవర్ పంపితే, ఆ పవర్ నోటరీ ముందు సంతకం చేసి, ఆయన ధ్రువీకరించినదైతే అది నిజంగా జరిగిందని కోర్టు మొదటే భావిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ మాట ఉంది. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించుకోవాలి, అపోస్టిల్, అంటే పత్రం నిజమైనదేనని ఆ దేశపు అధికారులు ఇచ్చే ధ్రువీకరణ, ఉంటే ఇంకా మంచిది. అప్పిచ్చేవాడు మరిచిపోకూడనిది ఇంకొకటుంది. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలు పవర్ అక్కడితో ఆగిపోతుంది.

నోటరీ ముద్ర దాటలేని గోడలు ఇంకా కొన్నున్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపు డీకేటీ పట్టా భూములను, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూములను, తాకట్టుకు తెచ్చేవాళ్లుంటారు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, అవి ఈ భూమికి వర్తిస్తాయో లేదో రెవెన్యూ రికార్డుల్లో తేల్చుకోవాల్సిందే. కుటుంబ ఆస్తి అయితే కొడుకులందరి చేతా నోటరీ ముందు సంతకాలు పెట్టించి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలోనే, తమిళనాడులో 1989లో, 2005లో దేశమంతా వచ్చింది. పెళ్లై వెళ్లిన కూతురి సంతకం లేని కాగితం మీద ఎన్ని ముద్రలున్నా ఆమె వాటా తాకట్టులోకి వస్తుందన్న భరోసా ఉండదు.

ముద్ర మీద అతిగా నమ్మకం పెట్టుకోవద్దనడం నోటరీ అక్కర్లేదనడం కాదు. ఆయన చేసే చిన్న పనిని సరిగ్గా చేయించుకోవడం లేదన్నదే అసలు బాధ. సంతకం పెట్టేవాడు రాకుండానే కాగితాలు పంపి ముద్ర వేయించడం, ఆధార్ జిరాక్సు మాత్రం చూపి మనిషిని చూపకపోవడం, పాత తేదీ వేయమని అడగడం అప్పిచ్చేవాడే చేయిస్తున్నాడంటే, తనకున్న ఒకే ఒక రక్షణను తనే పాడుచేసుకుంటున్నాడు. నోటరీ తన రిజిస్టరులో ప్రతి పనినీ రాసిపెట్టాలని నియమం. రేపు సంతకం నాది కాదంటే కోర్టు పిలిపించేది ఆ రిజిస్టరునే. అందులోని వరస సంఖ్య పత్రం మీద వేయించుకోవాలి, సంతకంతో పాటు వేలిముద్ర తీయించాలి, నోటరీ సర్టిఫికెట్ గడువులో ఉందో లేదో, ఆ ప్రాంతానికి చెల్లుతుందో లేదో చూడాలి. తప్పు జరిగాక నోటరీని పట్టుకోవడం తేలిక కాదు. తన విధుల్లో ఆయన చేసిన నేరం మీద కోర్టు విచారణ మొదలుపెట్టాలంటే, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దుష్ప్రవర్తన మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేసి విచారణ కోరే దారి వేరే ఉంది. పోయిన డబ్బు మాత్రం దానితో తిరిగి రాదు. ఈ రిజిస్టర్లు ఇప్పటికీ చాలాచోట్ల చేతిరాత పుస్తకాల్లోనే ఉన్నాయి. ఈసీలాగే వాటినీ ఆన్‌లైన్‌లో సరిచూసుకునే వీలు కల్పిస్తే, చిన్న మొత్తాలు అప్పిచ్చేవాళ్లకు అంతకంటే పెద్ద మేలు ఉండదు.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు నోటరీ చేయగల అన్నిటికంటే విలువైన సాయాన్ని దాదాపు ఎవరూ అడగరు. దస్తావేజు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అప్పు తీసుకునే పెద్దావిడకు తెలుగు తప్ప చదవడం రాదు, ఒక్కోసారి అదీ రాదు. ఏమి రాశారో తెలియకుండా వేలిముద్ర వేయించుకున్నారని ఆమె పిల్లలు కోర్టుకెళ్తే, ఆ అనుమానాన్ని పోగొట్టాల్సిన భారం అప్పిచ్చినవాడి మీద పడుతుంది. తెలుగు వచ్చిన నోటరీలు చెన్నైలో ఉన్నారు. పత్రంలోని సంగతి మొత్తం తెలుగులో చదివి వినిపించాను, అర్థమైందని చెప్పాక నా ఎదుట వేలిముద్ర వేశారు అని నోటరీ పత్రం మీదే రాసి సంతకం చేస్తే, ఆ ఒక్క వాక్యం పది స్టాంపు పేపర్లకంటే గట్టిది. సొంతూరి పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, చూడాల్సిన చెన్నై లాయరుకు అవి చదవడం రాకపోవచ్చు. వాటి అనువాదాన్ని నోటరీ సరిచూసి ధ్రువీకరించవచ్చు. హద్దుల్లో ఉత్తరం దక్షిణమైనా, సెంట్లు అంకణాలైనా డబ్బు ఇవ్వకముందే బయటపడేది అక్కడే.